కనబడని దోషమును కాదనకుడు

నేడు ఆటోమొబైల్ ఇంజనీరింగున పట్టములనందుకొనుచున్న యువతీయువకులారా!

స్నాతకోత్సవ వేదికలపై సత్యనిష్ఠను గూర్చియు, సేవాధర్మమును గూర్చియు ప్రసంగించుట ఆచారము. నేనును వానిని గూర్చియే ప్రసంగింపదలచితిని. అయితే ఆ గుణములు మీ వృత్తిలో ఏ రూపమున పరీక్షకు వచ్చునో చూపుటకై, కారు డాష్‌బోర్డుపై ఉన్నట్లుండి వెలిగి, కొంతసేపటికి తనంతట తానే ఆరిపోవు ఒక హెచ్చరిక దీపమును నా ప్రసంగమునకు ఆధారముగా గైకొనుచున్నాను.

మనది కొండదారుల సీమ. 1944లో మొదటి ఘాట్‌రోడ్డు, 1974లో రెండవ ఘాట్‌రోడ్డు ఏర్పడిన పిమ్మట, అంతకుపూర్వము కాలినడకనో డోలీలమీదనో భక్తులు అధిరోహించిన తిరుమలకొండను నేడు అసంఖ్యాకములగు వాహనములు క్రొత్తదారిని ఎక్కుచు, పాతదారిని దిగుచున్నవి. పలమనేరునుండి చిత్తూరునకు వచ్చువారు మొగిలి ఘాట్ దిగవలెను; మదనపల్లెనుండి తిరుపతికి వచ్చువారికి భాకరాపేట ఘాట్ తప్పదు. క్రొత్తకారు కొన్నవాడు కాణిపాకమున వినాయకుని సన్నిధిలో పూజ చేయించి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి త్రొక్కించి, నిశ్చింతగా ఇల్లు చేరును. ఆ నిశ్చింతను నిలువబెట్టవలసిన మానవప్రయత్నము మీ చేతులలో నున్నది.

1995లో జర్మనీ దేశపు మెర్సిడెస్ బెంజ్ కారులో బాష్ సంస్థ సహకారముతో తొలిసారిగా వెలువడిన ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్ అను ఏర్పాటు, నాలుగు చక్రముల వేగమును, స్టీరింగు తిరిగిన కోణమును, బండి తన నిలువు అక్షముచుట్టు తిరుగు రీతిని అనుక్షణము సరిపోల్చుకొనుచు, నడపువాడు కోరిన దిశకును బండి పోవు దిశకును భేదము కలిగినపుడు, తగిన చక్రమునకు తానే బ్రేకు వేసి బండిని దారికి తెచ్చును. బండి వేగమును తానే నిలకడగా నిలుపు క్రూయిజ్ కంట్రోలును ఆ చక్రముల వేగమునే నమ్ముకొని పనిచేయును. కావుననే ఒక్క సెన్సారు మాట సందేహాస్పదమైనచో ఆ రెండింటి హెచ్చరిక దీపములును ఒక్కమారుగా వెలుగును. అపుడు మామూలు బ్రేకులు సాధారణముగా పనిచేయుచునే యుండును. కాని వానకు తడిసిన మలుపులో బండి జారినచో అడ్డుకొను రక్షణ లేకుండపోవును.

ఇట్టి బండి మీ షెడ్డునకు వచ్చుసరికి దీపము ఆరియుండును. అపుడు మీ ముందు రెండు సులభమార్గములు కలవు. 'ఏమియు లేదు, తీసికొనిపొండు' అని పంపివేయుట మొదటిది. స్కానరులో కనబడిన కోడును తీర్పుగా భావించి, వేలకువేలు వెచ్చింపజేసి పెద్ద భాగమునే మార్చివేయుట రెండవది. మొదటిదానివలన ప్రాణమునకు, రెండవదానివలన ధనమునకు హాని. రెండును అసత్యమే.

పరీక్షించు వేళకు ఒళ్లు చల్లబడియున్నదని విషమజ్వరమును వైద్యుడు కాదనడు. జ్వరము వచ్చుటకును విడుచుటకును గల కారణమును వెదకిన పరంపరలోని వాడగుటచేతనే 1897లో మన సికింద్రాబాదున రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా బీజమును కనుగొనగలిగెను. మీరును దోషము ప్రత్యక్షమగు పరిస్థితిని వెదకవలెను. అందుకు తొలిసాక్షి బండి నడపినవాడు. 'ఎక్కడ వెలిగినది? కుడి మలుపులోనా, ఎడమ మలుపులోనా? ఎండలోనా, వాన వెలిసిన తరువాతనా? స్టార్టు చేయగానేనా, బ్రేకు తొక్కినపుడా?' అని ఓపికతో అడుగుడు.

చిత్తూరు హైవేపై చక్కగా నడచిన బండి, ఘాట్ హెయిర్‌పిన్ మలుపులలో మాత్రమే దీపము వెలిగించుచున్నదనుకొందము. స్టీరింగు పూర్తిగా తిరిగినపుడు ముందుచక్రపు సెన్సారు వైరు సాగును. పైని రబ్బరు తొడుగు చెక్కుచెదరకున్నను లోపలి రాగితీగ విరిగియుండును. సాగినపుడు కొనలు విడిపోవును, స్టీరింగు సరియైనపుడు మరల తాకును. షెడ్డులో నిలిపిన బండిలో ఇది కనబడదు. నిర్జనమైన చోట మెల్లగా స్టీరింగును అటునిటు త్రిప్పుచు నడపించి, స్కానరులో నాలుగు చక్రముల వేగములను ప్రక్కప్రక్కన చూచినచో, మూడు చక్రములు ఇంచుమించు ఇరువది కిలోమీటర్ల వేగమని చెప్పుచుండగా నాలుగవది క్షణకాలము సున్నా అని పలుకును. ఆ క్షణమే మీకు సాక్ష్యము. మార్చవలసినది చిన్న వైరు; పెద్ద కంప్యూటరు కాదు.

కారణములు వేరును గలవు. బ్రేకు పెడలు వద్ద నున్న స్విచ్చులో సాధారణముగా రెండు కాంటాక్టులుండును. ఒకటి కలియునపుడు రెండవది విడిపోవలెను. ఆ రెండింటికి పొత్తు కుదరనిచో కంప్యూటరు శంకించి క్రూయిజును నిలిపివేయును. బ్యాటరీ నీరసించినను, ఎర్తు వైరు త్రుప్పుపట్టినను ఇదే గతి. కంప్యూటర్లు పరస్పరము సంభాషించు క్యాన్ అను రెండు తీగల మార్గమునకు ఇరుకొనలయందును 120 ఓముల నిరోధకములుండును. బ్యాటరీ విప్పి మల్టీమీటరుతో కొలిచినపుడు 60 ఓములు రావలెను. 120 వచ్చినచో ఒకవైపు తెగినదని గ్రహింపవలెను. ఇంత తేలికయైన పరీక్షలను చేయక ఖరీదైన భాగమును విప్పుట విద్యకు తగదు.

గమనించు గుణమునకు ఒక నిదర్శనము చెప్పెదను. క్రూయిజ్ కంట్రోలును కనిపెట్టి 1950లో పేటెంటు పొందిన అమెరికా ఇంజనీరు రాల్ఫ్ టీటర్ బాల్యమునందే, అయిదేండ్ల ప్రాయమున, చూపు కోల్పోయినవాడు. ఒకరు నడపుచుండగా ప్రక్కన కూర్చుండి, బండి వేగము హెచ్చుచు తగ్గుచు కలిగించు కుదుపులను ఒంటితో గ్రహించి, దానికి పరిష్కారము నాలోచించెను. 1958లో క్రైస్లర్ సంస్థవారు దానిని తమ కార్లలో ప్రవేశపెట్టిరి. కన్నులు లేనివాడు గమనించినదానిని, కన్నులును స్కానరును గల మనము గమనింపకుండుట న్యాయమా?

మన ఈ చిత్తూరు, తిరుపతి ప్రాంతమున నేడు కరకంబాడిలో బ్యాటరీలును, శ్రీసిటీలో వాహనములును తయారగుచున్నవి. కొత్తబండ్లను తయారుచేయువారికి దేశమున కీర్తి గలదు. వానిని పది యేండ్లు క్షేమముగా నడపించువారికి అంతటి కీర్తి లేకపోవచ్చును గాని, బాధ్యత వారికంటె తక్కువ కాదు. బండి యజమానికి వైర్లు తెలియవు. మీరు వ్రాసిన బిల్లును, మీరు చెప్పిన మాటను నమ్మి, కుటుంబమును కూర్చుండబెట్టుకొని అతడు కొండ ఎక్కును.

కావున పట్టభద్రులారా, మీకు నా విన్నపమిది. మీ కంటికి కనబడలేదని ఇతరుల అనుభవమును త్రోసిపుచ్చకుడు. దోషము దొరకనినాడు 'దొరకలేదు' అని చెప్పుడు, 'లేదు' అని చెప్పకుడు. దొరికిననాడు మార్చిన వస్తువును యజమాని చేతికిచ్చి, కారణమును అతనికి అర్థమగు మాటలలో వివరింపుడు. ఈ నియమమును మీ వృత్తిజీవితమంతయు పాటింతురుగాక! మీకు శుభమగుగాక!