ఇంటి పద్దు - 'అయినచో' పాఠము

వాన కురిసినచో విత్తుదుము, కురియనిచో వేచియుందుము. కూరగాయలు చవుకయినచో రెండు కిలోలు కొందుము, లేనిచో ఒకదానితో సరిపెట్టుకొందుము. ఇట్టి మాటలు లేని దినము మన యిండ్లలో ఉండదు. కంప్యూటరుకు పని చెప్పుట నేర్చువారు తొలినాళ్లలో అభ్యసించునదియు ఇదియే. గీడో వాన్ రోసమ్ రూపొందించి 1991లో విడుదల చేసిన పైథాన్ భాషలో దీనికి ఇఫ్, ఎలిఫ్, ఎల్స్ అను మూడు పదములు కలవు. 'ఇది అయినచో', 'అది కాక ఇది అయినచో', 'ఏదియు కానిచో' అని వాని భావము.

ఈ పాఠమునకు ఇంటి పద్దు చక్కని అభ్యాసమని మేము తలంచుచున్నాము. నెల వెచ్చములకు 8,000 రూపాయలు కేటాయించితి మనుకొందము. ఖర్చు 8,000 దాటినచో యంత్రము 'మించినది' అనవలెను. దాటక, నూటికి ఎనుబది వంతులు, అనగా 6,400 చేరినచో 'జాగ్రత్త' అనవలెను. ఏదియు కానిచో 'ఫరవాలేదు' అనవలెను.

క్రొత్తవారు కొందరు 6,400 షరతును ముందు వ్రాయుదురు. అప్పుడు 8,600 ఖర్చయినను యంత్రము 'జాగ్రత్త' అని ఊరకుండును. ఏలయన 8,600 కూడ 6,400కు పైదే. మొదటి షరతు నెరవేరినంతనే తక్కినవానిని అది చూడదు. మనము వ్రాసిన వరుసనే అది పాటించినది. అప్పునకు పోవలసిన నాడు గాని ఇంటివారికి ఆ పొరపాటు తెలియదు.

కావున పెద్ద హద్దును ముందడుగవలెను. పిదప 6,399, 6,400, 8,000, 8,001 అను అంకెలనిచ్చి పరీక్షింపవలెను. సరిగా 8,000 అయినచో మించినట్లా, కాదా? 'కంటె ఎక్కువ' అని వ్రాసినచో కాదు. 'ఎక్కువ లేక సమానము' అని వ్రాసినచో అవును. ఆ నిర్ణయము ఇంటివారిదే.

మరియొక సంగతి. ఇంట నొకరికి జబ్బుచేసి, పాలకు, పండ్లకు పద్దు పెరిగినను యంత్రము 'మించినది' అనియే చెప్పును. మనము వ్రాయని షరతు దానికి తెలియదు. అట్టి అవసరమునకు ఎంతవరకు సడలింపవచ్చునో ఇంటిల్లిపాదియు ముందే అనుకొని, వేరొక 'అయినచో'ను అన్నిటికంటె పైన చేర్చవలెను.

శ్రోతలారా, కంప్యూటరు లేకున్నను ఈ రాత్రి కాగితము, పెన్సిలు తీసికొని మీ పద్దుకు షరతులు వ్రాసి చూడుడు. పోయిన నెల లెక్కను వాని గుండా నడపుడు. ఏ మాట వచ్చునో పిల్లలచేతనే చెప్పింపుడు.