చక్కెర వ్యాధి - నెత్తురు పరీక్ష
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



పర్ణశాల యనగానే యాత్రికునకు బంగారు లేడి జ్ఞప్తికి వచ్చును. పైరూపమును నమ్మి మోసపోయిన కథ యది. మధుమేహము విషయమునను మనుష్యులు తరచుగా పైరూపమునే నమ్ముదురు. వేళకు భుజించుచు, పొలము పని చేసికొనుచు, ఏ బాధయు నెఱుగని వాని నెత్తుటిలో ఏండ్ల తరబడి చక్కెర మితిమీరి యుండవచ్చును. అతిదాహము, మాటిమాటికి మూత్రము, ఒళ్లు తగ్గుట - ఇవి తరువాత వచ్చు లక్షణములు. మానని కాలిపుండు వలననో, చూపు మసకబారుట వలననో వ్యాధి సంగతి మొదటిసారి తెలిసికొనువారు కలరు. అప్పటికే నరములకును, కంటికిని, మూత్రపిండములకును హాని జరిగియుండును.

మూత్రమునకు చీమలు పట్టుటను మన పెద్దలు గమనించిరి. ఆ తీపి చక్కెరయే యనియు, అది నెత్తుటియందును గలదనియు ఇంగ్లండు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ 1776లో చూపెను. గడచిన శతాబ్దమున చాలకాలము ఆసుపత్రులకు బెనెడిక్ట్ ద్రావకమే గతి. ఆ నీలి ద్రావకములో ఎనిమిది చుక్కల మూత్రము వేసి కాచినచో, చక్కెర కొలది అది ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఇటుక రంగులకు తిరిగెడిది. చూడ ముచ్చటయే గాని, అందొక లోపము గలదు. నెత్తుటిలో చక్కెర డెసిలీటరునకు సుమారు 180 మిల్లిగ్రాములు దాటినగాని మూత్రపిండములు దానిని సాధారణముగా బయటికి విడువవు. వ్యాధి నిర్ణయమునకో, పరగడుపున 126 చాలును. ఈ నడుమ నున్నవారు మూత్రపరీక్షలో నిర్దోషులుగనే తేలుదురు.

నెత్తుటి చక్కెరను రంగు గాఢతను బట్టి లెక్కించు పద్ధతిని హార్వర్డులో ఆటో ఫోలిన్, హ్సియెన్ వూ అనువారు 1920 ప్రాంతమున ఏర్పరచిరి. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు ఫిస్కుతో కలిసి, నెత్తుటిలోని భాస్వరమును రంగుతోనే కొలుచు విధానమును 1925లో ప్రకటించినదియు అచ్చటనుండియే.

నేడు చేతిలో ఇమిడెడు గ్లూకోమీటరు ఒక్క చుక్కతో కొన్ని క్షణములలో అంకె చూపును. ముప్పది యేండ్లు దాటినవారికి ఆశా కార్యకర్తల ద్వారా, ఏ.ఎన్.ఎమ్.ల ద్వారా ఈ పరీక్ష జరుపు ప్రభుత్వ పథకము గలదు. ఇది జల్లెడయే గాని తీర్పు గాదు. ఏ వేళనైనను తీసిన అంకె 140 దాటినచో ఆసుపత్రికి వెళ్లి పరగడుపు పరీక్షయు, అవసరమైనచో 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన రెండు గంటల పిమ్మటి పరీక్షయు చేయించుకొనవలయును. లక్షణములు లేనివారికి మరొక దినమున తిరిగి చూచిన పిదపనే నిర్ణయము. పరగడుపనగా ఎనిమిది గంటలు మంచినీరు తప్ప మరేమియు ముట్టకుండుట. టీ త్రాగి వచ్చి పరగడుపని చెప్పువారు మోసగించునది వైద్యుని గాదు.

వేసవిలో ఇప్పపూలు ఏరివచ్చిన చేయిని, బెల్లము ముట్టిన వ్రేలిని కడుగకయే గ్రుచ్చినచో, పైనున్న తీపియు నెత్తుటిలోనిదిగా అంకెకెక్కును. సబ్బుతో కడిగి, తడి ఆరిన పిమ్మట వ్రేలికొన ప్రక్కగా గ్రుచ్చవలయును. ఒకరికి వాడిన సూది మరొకరికి తగిలింపరాదు. పట్టీల డబ్బా మూత బిగింపనిచో వానకాలపు తేమకు అవి చెడును.

ఈ అటవీప్రాంతమునకు ప్రత్యేకముగా చెప్పదగినది మరొకటి గలదు. పట్టణములందు ఏ వన్ సి యను పరీక్ష విరివిగా జరుగుచున్నది. 6.5 శాతమునకు చేరినచో మధుమేహమని లెక్క. అది ఎఱ్ఱకణముల కంటుకొనిన చక్కెరను కొలిచి, గడచిన రెండు మూడు నెలల సరాసరిని తెలుపును. ఎఱ్ఱకణము సుమారు 120 దినములు జీవించునను నమ్మకముపై అది నిలిచియున్నది. సికిల్ సెల్ వ్యాధియందు కణములు త్వరగా నశించును గనుక చక్కెర అంటుకొనుటకు వ్యవధి చాలదు; అంకె తక్కువగా కనబడును. ఇనుము లోపించిన రక్తహీనతయందు ఎక్కువగా కనబడవచ్చును. ఏజెన్సీ గిరిజన కుటుంబములందు ఈ రెండును గలవు. సికిల్ సెల్ నిర్మూలనకై 2023 జూలై 1న జాతీయ కార్యక్రమమే ఆరంభమైనది. కావున ఇంటిలో సికిల్ సెల్ గలవారు ఏ వన్ సి కాగితము చూచి నిశ్చింత పడరాదు. ఆ సంగతి వైద్యునకు ముందే చెప్పి, నెత్తుటి చక్కెరనే నేరుగా చూపించుకొనవలయును.

గర్భవతులు ముప్పది యేండ్లకై వేచియుండరాదు. వారికి ఆ నెలలలోనే పరీక్ష జరుగవలయును. తల్లి చక్కెర శిశువు బరువుమీదను, కాన్పుమీదను ప్రభావము చూపును.

పరీక్ష కాగితముపై తేదీయు, కడపట భుజించిన వేళయు వ్రాయించి భద్రపరచుకొనుట మేలు. వేళ తెలియని అంకెను చూచి భద్రాచలమునందలి వైద్యుడైనను ఏమియు తేల్చి చెప్పజాలడు.