పార్టిషన్ చేస్తే ల్యాప్‌టాప్ స్పీడ్ అవుద్దా?

ఈసారి ఎపిసోడ్ మా బెల్లంకొండ నుంచే. పండక్కి ఇంటికొస్తే మా పక్కింటి బాబాయ్ పాత ల్యాప్‌టాప్ పట్టుకొచ్చాడు. "అబ్బాయ్, ఇది ఆన్ అయ్యేలోపు టీ తాగి రావొచ్చు. పార్టిషన్లు చేస్తే స్పీడవుద్దంటగా, చేసిపెట్టు" అన్నాడు.

ఓపెన్ చేశా. 500 జీబీ హార్డ్ డిస్క్, మొత్తం ఒకటే సి డ్రైవ్, నిండా సినిమాలు. డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్. అందులో వాళ్ల పాత ఊరి ఫొటోలు! 2013లో ప్రారంభించిన పులిచింతల ప్రాజెక్టు కింద మా మండలంలో కొన్ని ఊళ్లు మునిగాయి. అందులో వాళ్లదీ ఒకటి. ఆ ఇల్లు మళ్లీ ఫొటో తీద్దామన్నా లేదు. ఇంకో కాపీ ఉందా అంటే, అదీ లేదు.

ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి. డెస్క్‌టాప్ అంటే మామూలుగా సి డ్రైవే. సి ఫార్మాట్ కొడితే అదీ పోద్ది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పార్టిషన్ అంటే బీరువాలో అరలు పెట్టడం. అరలు పెడితే బీరువా పెద్దదవదు, స్పీడూ అవదు. హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరుగుతుంటది, బయటి అంచు దగ్గర డేటా కొంచెం వేగంగా చదువుద్ది. సి డ్రైవ్ సాధారణంగా అటువైపే ఉంటది కాబట్టి, దాన్ని చిన్నగా ఉంచితే కాస్త లాభం. అంతే. ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు కాబట్టి ఆ కాస్త లాభం కూడా ఉండదు.

మరి పార్టిషన్ ఎందుకు? విండోస్ పాడైతే సి ఒక్కటే ఫార్మాట్ చేసుకోవచ్చు, డి లో ఫైళ్లు అలాగే ఉంటాయి.

నేను చేసింది ఇదీ. ముందు ఫొటోలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశా. ఇది చేయకుండా పార్టిషన్ ముట్టుకోవద్దు, ప్లీజ్. తర్వాత బాబాయ్‌ని అడిగి చూసేసిన సినిమాలు డిలీట్ చేశా. సి లో ఖాళీ లేకపోతే ష్రింక్ అవదు మరి. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్, డిస్క్ మేనేజ్‌మెంట్. సి మీద రైట్ క్లిక్, ష్రింక్ వాల్యూమ్. అక్కడ సైజు ఎంబీలో అడుగుద్ది. 100 జీబీ కావాలంటే 102400 కొట్టాలి. నల్ల గీతతో అన్‌అలొకేటెడ్ అని వచ్చినదాని మీద రైట్ క్లిక్, న్యూ సింపుల్ వాల్యూమ్, ఎన్‌టీఎఫ్ఎస్, ఫినిష్. అక్కడున్న చిన్న చిన్న రికవరీ పార్టిషన్లు మాత్రం డిలీట్ చేయకండి.

ల్యాప్‌టాప్ కొంచెం తేరుకుంది. అది పార్టిషన్ గొప్ప కాదు, సి లో ఖాళీ దొరికింది కాబట్టి. నిజంగా స్పీడ్ కావాలంటే ఎస్ఎస్‌డీ వేయించమని చెప్పా.

"ఇప్పుడు డి లో ఉన్నాయిగా, ఇంక భయం లేదుగా?" అన్నాడు బాబాయ్. ఉంది బాబాయ్. బీరువా పడితే అన్ని అరలూ పడతాయి. డిస్క్ పోతే సి, డి రెండూ పోతాయి. అందుకే ఆ పెన్‌డ్రైవ్ పిన్ని దగ్గర దాచమన్నా, ఇంకో కాపీ గూగుల్ డ్రైవ్‌లో పెట్టా.

మీ ఇంట్లో అలాంటి ఫోల్డర్ ఎక్కడుందో ఈ రాత్రికే చూడండి. కాపీ తీశాక "డన్" అని కామెంట్ పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, బై!