పసుపు కాగితం చెప్పే సంగతి
(మన సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఎ. గురించి, వైద్య బిల్లుల గురించి ముందు వక్తలు వివరంగా చెప్పారు. రసాయనశాస్త్రం బోధించి రిటైరైనవాణ్ణి కనుక నేను మన వంటింటి గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. సెలవులకు వచ్చిన మనవలతో కలిసి చేయదగిన పరీక్ష ఇది.

చెంచాడు పసుపును, పొయ్యికి దూరంగా, కొద్దిపాటి స్పిరిట్‌లో కలపండి. అందులో తెల్లకాగితం ముక్కలు తడిపి నీడన ఆరబెట్టండి. ఆ కాగితంపై సబ్బునీరు, బట్టలసోడా నీరు, సున్నపుతేట చుక్క వేస్తే ఎర్రబడుతుంది. ఇవి క్షారాలు. ఆ ఎరుపుమీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపురంగు వస్తుంది. నిమ్మరసం ఆమ్లం. పసుపులో సున్నం కలిపి పారాణి చేసే మన స్త్రీలకు ఇది ఏనాటినుంచో తెలిసిన విద్యే. పంచెమీద పడిన కూరమరక సబ్బు రాయగానే ఎర్రబడేదీ ఇందువల్లనే.

అయితే నిమ్మరసం పడినా, మంచినీరు పడినా పసుపు కాగితం రంగు మారదు. ఆమ్లాన్ని గుర్తుపట్టడానికి ఎర్రమందార రేకులను వేడినీళ్లలో నానబెట్టి వడకట్టుకోండి. అందులో నిమ్మరసం గాని, చింతపండు రసం గాని కలిస్తే ముదురు గులాబీరంగు, క్షారం కలిస్తే ఆకుపచ్చరంగు వస్తాయి. తెలియని పదార్థాన్ని మాత్రం ఎన్నడూ నాలుకతో పరీక్షించరాదు. బాత్‌రూం యాసిడ్‌ను పిల్లల ఆటలోకి తేరాదు.

ఈ రంగులు జాతిని చెబుతాయిగాని బలాన్ని సరిగా చెప్పవు. బలాన్ని కొలవడానికి డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సన్ 1909లో పి.హెచ్. కొలమానం ప్రవేశపెట్టారు. 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్కొక్క అంకెకు పదిరెట్లు తేడా. వంటసోడా నీరు 8 పైచిలుకు, సున్నపుతేట 12 పైచిలుకు. రెండూ క్షారాలే అయినా తేడా వేలరెట్లు!

నేను ముఖ్యంగా చెప్పదలచినది ఇదే. యాసిడ్ సీసా అంటే అందరికీ భయమే, దాన్ని పైన ఎక్కడో దాస్తాం. తాంబూలపు సున్నం మాత్రం మంచం పక్కనే, పిల్లల చేతికందేచోట ఉంటుంది. పిల్లలు ఆ ప్యాకెట్టు పిసికితే సున్నం కంట్లోకి చిమ్ముతుంది. క్షారం కంటిలోపలికి చొచ్చుకుపోతుంది, చూపే పోవచ్చు. అలా జరిగితే క్షణం ఆలస్యం చేయక, రెప్పలు తెరిచిపట్టి, ధారాళమైన మంచినీటితో అరగంటసేపు కడగాలి. వెంటనే కంటి డాక్టరు వద్దకు తీసుకువెళ్లాలి. సున్నానికి విరుగుడని నిమ్మరసం వంటిదేదీ కంట్లో వేయరాదు.

అలాగే బ్లీచింగ్ పౌడరును, యాసిడ్‌ను ఒకేచోట కలపవద్దు. క్లోరిన్ విషవాయువు పుడుతుంది.

ఇంటికి వెళ్లగానే సున్నం డబ్బాను పై అలమరలోకి మార్చవలసిందిగా కోరుతున్నాను.