కాయితంలో లేని గోరీలు
(సైదాబాద్‌లో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగం)



నన్ను భూమి రికార్డుల మీద మాట్లాడమన్నరు. నేను గోరీల కాడి నుంచి మొదలు పెడుత. మధ్యల లేచి పోకున్రి, రికార్డుల కాడికే వస్త.

పొద్దున మూసారాంబాగ్ మెట్రో స్టేషన్ల దిగిన. సభకు ఇంకా టైముంటే అక్కడి గుట్ట ఎక్కిన. గుట్ట మీద ఒక ఫ్రెంచి మనిషి సమాధి ఉన్నది. పేరు రేమండ్. 1755ల ఫ్రాన్స్ దేశంల పుట్టిండు. 1775ల పుదుచ్చేరికి వచ్చిండు. 1786ల రెండో నిజాం అలీఖాన్ కొలువుల చేరిండు. కొద్ది మందితో మొదలు పెట్టి పది వేలకు పైబడి సైన్యాన్ని తయారు చేసిండు. ఇప్పుడు మనం గన్‌ఫౌండ్రీ అంటున్న జాగల ఫిరంగులు పోసే కార్ఖానా ఆయన కాలందే. 1798 మార్చి 25న చనిపోయిండు. అదే ఏడాది అక్టోబరుల ఇంగ్లీషోళ్ళు ఆయన సైన్యాన్ని ఆయుధాలు దింపిచ్చి చెల్లాచెదురు చేసిన్రు.

ఆయన రక్తసంబంధీకులు సముద్రాల అవతల. అయినా ఈ గోరీ ఆగం కాలేదు. ఇక్కడి హిందువులు ఆయనను మూసా రామ్ అన్నరు, ముస్లింలు మూసా రహీమ్ అన్నరు. చాలా ఏండ్లు ఆయన చనిపోయిన రోజున జనం గుట్టకు పోయి దీపాలు పెట్టిన్రు. మూసారాంబాగ్ అన్న పేరు ఆయన పేరు మీదనే వచ్చింది. సుమారు 23 అడుగుల రాతి స్తంభం ఇప్పటికీ నిలబడి ఉన్నది. పక్కనున్న మండపం 2001 వానలకు కూలితే, తర్వాత మళ్ళ కట్టిచ్చిన్రు. రెండు వందల ఏండ్లు దాటినా ఆ జాగను ఎవ్వడూ ప్లాట్లు చెయ్యలేకపోయిండు. ఎందుకు? జనం మతిల ఉన్నది, సర్కారు కాయితంల కూడా ఉన్నది. ఈ రెండూ ఉన్నయి కాబట్టే అది ఉన్నది.

గుట్ట మీద నిలబడి చుట్టూ చూసిన. దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, చంపాపేట, దూరంగ ఎల్బీనగర్. అన్నీ ఒకప్పుడు సాగు భూములే. దిల్‌సుఖ్‌నగర్‌కు పేరు వచ్చింది ఆ భూముల ఆసామి దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ పేరు మీద. ఆసామి పేరు బస్సు బోర్డు మీద నిలిచింది. మరి ఆ పొలాలల్ల నాగలి పట్టినోళ్ళ పేర్లేవి? సరూర్‌నగర్ చెరువు కింద నాట్లేసిన అవ్వల బొందలేవి? చూపిద్దామంటే తెలిసిన మనిషి దొరకడు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్త.

సాగర్ రోడ్డుకు లోపలున్న ఊరు మాది. మా ముత్తాత కరువుకు పుట్టిన ఊరిడిసి ఆడికి వచ్చిండట. అప్పుడు అదంతా తుమ్మ కంప, రాళ్ళు. కంప కొట్టి, రాళ్ళేరి గట్టు పోసి చెల్క చేసిండు. ఆ చెల్క మూలకు ఒక చింతచెట్టు, దాని కింద అయిదు గోరీలు. పెద్దది ముత్తాతది. పక్కన ఆయన భార్యది. బాయి తవ్వనీకె మెడల ఉన్న వెండి పట్టెడ అమ్మి ఇచ్చింది ఆ తల్లి. నీళ్ళు పడ్డయి. ఆమె పేరు మాత్రం మా ఇంట్ల ఎవ్వరికీ తెలువది. అందరూ 'పెద్దవ్వ' అనేటోళ్ళు, అంతే. మూడోది చిన్నది, గత్తరొచ్చి చనిపోయిన పిలగానిది. నాలుగోది తాతది, అయిదోది నాయనమ్మది.

ముత్తాత చేసిన ఆ చెల్క మా పేరు మీద లేకుండె. దొర పట్టా, మా చెమట. 1950ల హైదరాబాద్ కౌలుదారీ చట్టం వచ్చింది. తాత రక్షిత కౌలుదారుగ రాయిచ్చుకున్నడు. 38-ఇ సర్టిఫికెట్ చేతికొచ్చేటాల్లకు జుట్టు తెల్లబడ్డది. ఆ కాయితం పట్టుకొని ఆయన నేరుగా ఇంటికి పోలేదట. చింతచెట్టు కిందికి పోయి తండ్రి గోరీ మీద పెట్టి, "నాయినా, ఇగ ఇది మనది" అన్నడట. అప్పుడు పక్కనున్నది మా నాయిన. పెత్రమాసకు పెద్దలకు బియ్యమిచ్చినప్పుడల్లా మాకు ఇదే చెప్పేటోడు.

ఆ భూమి పంపకాలైనప్పుడు చింతచెట్టు మూల మా చిన్నాయిన కొడుకు వంతుకు పడ్డది. బిడ్డ పెండ్లికి, ఆస్పత్రి ఖర్చుకు తమ్ముడు తన వంతు అమ్ముకున్నడు. ఆయనను నేను తప్పు పట్టను. అప్పుల ఉన్న రైతు ఏం చేస్తడు? అమ్మిన కాయితంల సాక్షి సంతకం నాది. నాలుగు దిక్కుల హద్దులు చదివిన్రు. సర్వే నంబరు చదివిన్రు, గుంటలతో సహా విస్తీర్ణం చదివిన్రు. గోరీల మాట అండ్ల లేదు. నాకు యాదికొచ్చింది. అయినా నలుగుర్ల మంచిగుండదని, బేరం చెడగొట్టినోడినైతనని నోరు మూసుకొని సంతకం పెట్టిన. ముప్పై ఏండ్ల సంది సంఘంల తిరుగుతున్న. మంది కాయితాలు చదివిపెట్టిన. మా ఇంటి కాయితం కాడ మాత్రం నోరు పెగలలేదు.

ఆరు నెలలకు జేసీబీ వచ్చింది. కబురు తెలిసి మేము ఉరికేటాల్లకు చింతచెట్టు పడిపోయింది. చిన్న గోరీ, పెద్దవ్వ గోరీ లేవు. ఎనభై దాటిన మా నాయిన పోయి తాత గోరీ మీద కూసున్నడు. పొద్దు గూకేదాకా లేవలేదు. కొన్నాయన చెడ్డోడు కాదు. కారు దిగి వచ్చి నిమ్మళంగ అన్నడు: "అన్నా, చెప్తే ఆ మూల ఇడిసిపెట్టేటోన్ని కదా. కాయితంల లేదు, నాకెట్ల తెలుస్తది?" ఆ మాటకు నా కాడ జవాబు లేకుండె. మిగిలిన మూడు గోరీల చుట్టూ కంచె వేసుకోనిచ్చిండు. పోయిన రెండూ పోయినయి. మా నాయిన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండు.

అందుకే ఇయ్యాల చెప్తున్న. మనకు తాతల నుంచి రికార్డులున్నయి. సేత్వార్ ఉన్నది, 1954-55 కాస్రా పహాణీ ఉన్నది. తర్వాత ధరణి వచ్చింది, ఇప్పుడు భూభారతి వచ్చింది. అండ్ల పట్టాదారు ఉంటడు, విస్తీర్ణం ఉంటది. సొంత చెల్కల ఎవరిని బొంద పెట్టినమో మనం రాయిస్తేనే ఉంటది.

నాలుగు పనులు చేద్దాం.

ఒకటి. భూమి పంచుకున్నా, అమ్మినా, గోరీలున్న జాగను కొలిపిచ్చి దస్తావేజుల రాయిచ్చున్రి. ఎన్ని గుంటలో, ఏ మూలకో రాయాలె. ఆడికి పోనీకె బాట కూడా రాయాలె. బాట లేని గోరీ ఉండి లాభం లేదు. పటం గీపిచ్చి దస్తావేజుకు జత చెయ్యున్రి.

రెండు. సర్కారు భూమి తీసుకుంటే 2013 భూసేకరణ చట్టం చూడున్రి. సామాజిక ప్రభావ అంచనాల బొందలగడ్డలు, శ్మశానాలు కూడా లెక్కకు రావాలని నాలుగో సెక్షన్‌ల ఉన్నది. కొన్ని ప్రాజెక్టులకు ఆ అంచనా అక్కర లేకుండ మన రాష్ట్రంల సవరణ చేసుకున్నరు, అది వేరే కొట్లాట. పునరావాస కాలనీల బొందలగడ్డ ఇయ్యాలని మూడో షెడ్యూల్‌ల ఉన్నది. ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజులల్ల 15వ సెక్షన్ కింద అభ్యంతరం రాసియ్యొచ్చు. చెట్లు, బాయి, బోరుతో పాటు గోరీలు కూడా రాయున్రి. మల్లన్నసాగర్ కింద వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊర్లు మునిగినయి. ఆ నీళ్ళ కింద ఇండ్లే కాదు, వాళ్ళ పెద్దల బొందలు కూడా ఉన్నయి.

మూడు. ఇంటోళ్ళ మనసు నొప్పియ్యాలని గాని, అవమానం చెయ్యాలని గాని బొందలగడ్డల జొరబడితే భారతీయ న్యాయ సంహిత 301 సెక్షన్ కింద నేరం. ఏడాది దాకా జైలు ఉన్నది. కానీ కాయితం ముందుగాల ఉంటే పోలీస్ స్టేషన్ దాకా పోయే పని పడదు.

నాలుగు. సొంత చెల్క ఉన్నోళ్ళకే ఈ బాధ. గుంట భూమి లేని దళితులకు, కూలోళ్ళకు ఊరి బొందలగడ్డే దిక్కు. అది ఏటికేడు కబ్జాకు గురై కుంచించుకపోతున్నది. పక్క పొలమోడు ఏటా రెండు సాళ్ళు లోపలికి దున్నుతడు. ఆ పక్క పొలమోడు మన సంఘం సభ్యుడు కూడా కావొచ్చు. ముందు మన సాళ్ళు మనం ఎనకకు తీసుకొని, తర్వాత తహసీల్దారును సర్వే అడుగుదాం. లేకుంటే అడిగే మొఖం మనకు ఉండదు.

ఆఖరి మాట. వచ్చే పెత్రమాసకు బియ్యమిచ్చే ముందు, ఇంట్ల ముసలోళ్ళను కూసోబెట్టుకొని పెద్దల పేర్లు అడిగి ఒక నోట్‌బుక్కుల రాయున్రి. ఆడోళ్ళ పేర్లు మరువకున్రి. గుట్ట మీద ఫ్రెంచాయన రాతి మీద ఆయన పేరుకు గుర్తుగ రెండక్షరాలు ఉన్నయి. మా బాయికి వెండి పట్టెడ ఇచ్చిన తల్లికి ఆ రెండక్షరాలు కూడా మిగలలేదు. మా అక్కను, మేనత్తలను, పాత చుట్టాలను అందరినీ అడిగిన. ఇంకా అడుగుతున్న.

మీ ఇంట్ల చెప్పే మనిషి ఇంకా ఉంటే, ఈ రాత్రే అడుగున్రి. సెలవు.