ఒక్క సంతకం చాలకూడదు

 

1975 జూన్ 25 రాత్రి ప్రధాని సలహాపై రాష్ట్రపతి ఎమర్జెన్సీ ప్రకటనపై సంతకం చేశారు. మంత్రివర్గం ఆమోదించింది మర్నాడు ఉదయం.

ప్రమాదం జరిగితే ఏ రక్షణ తెగిందో వెతికి బిగించడం మా ఇంజనీర్ల పని. 1978లో 44వ రాజ్యాంగ సవరణ అదే చేసింది. ఇప్పుడు మంత్రివర్గ నిర్ణయం ముందే రాతపూర్వకంగా అందాలి. పార్లమెంటు నెలలోగా ఆమోదించాలి. జీవించే హక్కును, వ్యక్తి స్వేచ్ఛను అప్పుడైనా ఆపలేరు.

కానీ రాసుకున్న రక్షణను నిలబెట్టడానికి మనుషులు కావాలి. 1976లో సుప్రీంకోర్టు ధర్మాసనంలోని అయిదుగురిలో జస్టిస్ ఖన్నా ఒక్కరే నిర్బంధితుల పక్షాన తీర్పు రాశారు. ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనకు దక్కలేదు.

అయ్యవార్లకు నా విన్నపం: ‘ఎందుకు సార్?’ అని లేచిన పిల్లవాణ్ణి కసిరి కూర్చోబెట్టకండి. రేపు ఆ ప్రశ్న దేశానికి కావాలి.