ఇంటికి జనరేటరు: ఎన్నిక, అమరిక

కృష్ణకు ఈవలి ఒడ్డున ఉన్న మా తాడేపల్లిలో కరెంటు పోవుట ఒక విశేషము కాదు. వేసవి సాయంకాలము గాలివాన లేవగనే దీపములు ఆరును. అరగంటకో గంటకో మరల వెలుగును. 2012, 2013 సంవత్సరములలో ఉమ్మడి రాష్ట్రమున గంటల తరబడి సాగిన కోతలను చూచినవారికి ఇది ఒక కష్టముగనే తోచదు. ఇట్టి కొద్దిపాటి అంతరాయములకు ఇన్వర్టరును, బ్యాటరీని చాలామంది ఇండ్లలో పెట్టుకొనిరి. అవి చాలును కూడ. చాలనిది తుపాను నాడు, వరద నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఆ నగరమున ఎన్నో వీధులకు దినముల తరబడి కరెంటు లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను మన బాపట్ల దగ్గరనే తీరము దాటినది. మరుసటి ఏడు, అనగా 2024 సెప్టెంబరు 2న, ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు ప్రవహించినది. 1957లో ఆ బ్యారేజి పూర్తియైనది మొదలు అంతటి వరద లేదు. 2009 నాటి 11 లక్షల 10 వేల క్యూసెక్కులను కూడ అది మించినది.

ఆ సెప్టెంబరు దినములలోనే జనరేటరును గూర్చి మేము నేర్చుకొన్నది ఇప్పుడు చెప్పబోవు మాటలకు మూలము.

మా ఇంట పెద్దమ్మగారు ఉన్నారు. ఊపిరితిత్తుల వ్యాధివలన రాత్రులందు వారికి ఆక్సిజను అందించు యంత్రము కావలెను. అది దాదాపు 350 వాట్లు తీసికొనును. మా బ్యాటరీ 12 వోల్టులది, 150 ఆంపియరు అవరులది. ఆ రెండింటిని హెచ్చవేసినచో 1,800 వాట్ అవరులు, అనగా రెండు యూనిట్లకు లోపు. అందులో కొంత ఇన్వర్టరు తినివేయును, కొంత బ్యాటరీ అడుగున మిగిల్చి ఉంచవలెను. పెద్దమ్మగారి యంత్రము ఒక్కటే నడిపినను మూడు గంటలకు మించి రాదు. ఆసుపత్రివారిచ్చిన సిలిండరు ఒకటి ఉన్నది గాని, అది తెల్లవారువరకు వచ్చునో రాదో అను దిగులు మమ్ము పట్టుకొన్నది. అప్పుడు ఒక స్నేహితుని దుకాణమునుండి చిన్న పెట్రోలు జనరేటరును ఆటోలో వేసికొని తెచ్చితిమి. వాన పడుచుండెను గనుక దానిని మెట్లక్రింద పెట్టితిమి. వైరింగు తెలిసిన ఒకాయన వచ్చి, రెండు కొసలకు రెండు ప్లగ్గులు బిగించిన తీగెను చూపి, ఒక కొస జనరేటరులో, రెండవది వంటింటి సాకెట్టులో పెట్టిన ఇల్లంతయు వెలుగునని చెప్పెను. మాకును అది సులువుగనే తోచినది.

ఎదుట వీధిలో స్తంభమునకు నిచ్చెన వేసి ఒక లైన్‌మన్ తెగిన తీగెను సరిచేయుచుండెను. ఇంజను చప్పుడు విని అతడు నిచ్చెన దిగివచ్చి గుమ్మములో నిలువబడెను. "బాబాయిగారూ, మెయిను తీసినారా?" అని అడిగెను. తీయలేదని చెప్పితిమి. "మేము పైన లైను ఆపుకొని ఎక్కినాము. మీ ఇంట్లోనుంచి కరెంటు వస్తే మాకెట్లా తెలుస్తుంది?" అనెను. అతడు కోపముతో అనలేదు. అతని రెండు చేతులును తడిసి ఉండెను.

ఆ తీగె సాకెట్టులో పెట్టినచో జరుగునది ఇది. ఇంటికి వచ్చిన కరెంటు మన ఫ్యానులతో ఆగదు. మెయిను స్విచ్చి వేసియే ఉన్నందున మీటరు మీదుగ వెనుకకు నడిచి వీధి తీగెలలోనికి పోవును. ఆ వీధి తీగెలు ట్రాన్స్‌ఫార్మరుకు చేరి ఉన్నచో అది తన పనిని తలక్రిందుగ చేసి, 230 వోల్టులను పై తీగెలలో వేల వోల్టులుగ మార్చగలదు. 11,000 వోల్టుల లైను ఆగియున్నదని నమ్మి పట్టుకొన్నవాని ప్రాణము మన వంటింటి ప్లగ్గుపై ఆధారపడును. ఇక, అదే సమయమున వీధికి కరెంటు తిరిగి వచ్చినచో మన జనరేటరు కాలును. ఆ తీగె ఒక కొస ఊడి క్రింద పడినను, బయటికి ఉన్న పిన్నులలో కరెంటు ఉండనే ఉండును. ఇంట పసిపిల్లలు ఉన్నచో చెప్పవలసిన పని లేదు.

దీనికి విరుగుడు ఛేంజోవరు స్విచ్చి. దాని పిడి ఒకవైపున ఉన్నప్పుడు ఇల్లు వీధి లైనుకు, రెండవవైపున ఉన్నప్పుడు జనరేటరుకు చేరియుండును. రెండింటికిని ఒకేసారి చేరుట దాని నిర్మాణమువలననే సాధ్యము కాదు. సింగిల్ ఫేజు ఇంటికి ఫేజును, న్యూట్రలును రెండింటిని విడదీయునది కొనవలెను. న్యూట్రలు అటులనే ఉన్నను పరవాలేదను మిస్త్రీ మాట వినరాదు. జనరేటరు ధరతో పోల్చిన దీని ధర స్వల్పము. మా అభిప్రాయమున జనరేటరుకన్న ముందు కొనవలసినది ఇదియే.

మెట్లక్రింద పెట్టిన సంగతి ఇంకను చెప్పలేదు. గంట గడిచినదో లేదో పెద్దమ్మగారు తల బరువుగ ఉన్నదనిరి. పై వాటాలో ఉన్నవారికి కడుపులో త్రిప్పినది. పొగ వాసన అంతగా లేదు. అందుకే మేము శంకింపలేదు. ఇంజను వదలు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హిమోగ్లోబినును అది ప్రాణవాయువుకన్న 200 రెట్లకు పైగా గట్టిగ పట్టుకొనును. తలనొప్పి, వికారము, నిద్రమత్తు దాని గురుతులు. నిద్రలో ఉన్నవారికి ఆ గురుతులు తెలియకయే అంతయు ముగియును. ఆక్సిజను కొరకు తెచ్చిన యంత్రము ఆక్సిజనునే హరింపబోయినది. ఆ లైన్‌మనే మాతో కలిసి దానిని పెరటిలోనికి మోసెను.

ఈ పత్తి, మిరప మైదానములకు ఇంజను కొత్తది కాదు. జిన్నింగు మిల్లులందును, తోట బావులమీదను ఆయిలు ఇంజనుల చప్పుడు వినుచు పెరిగినవారు మనలో ఎందరో ఉన్నారు. గుంటూరు మిర్చిని నిలువచేయు శీతల గిడ్డంగులకు నేడును జనరేటరు తప్పదు. కాని ఆ ఇంజనులు చేలలోను, వేరుగ కట్టిన షెడ్డులలోను ఉండెడివి. నేటి ఇంజను చేతితో మోయునంత చిన్నదై ఇంటిలోనికే వచ్చినది. చిక్కు అంతయు అందులోనిదే. కిటికీలకు, తలుపులకు కనీసము 20 అడుగుల దూరమున, పొగ ఇంటివైపు గాని పొరుగింటివైపు గాని రాకుండ బహిరంగస్థలమున దానిని నిలుపవలెను. వాన తగులకుండ పైన రేకు కప్పవచ్చును గాని ప్రక్కలు మూయరాదు. ఇంజనుకు గాలి కావలెను. వరండా, గ్యారేజి, తలుపులు తెరచిన గది, ఇవి ఏవియు బయలు కావు. అపార్టుమెంటులో ఉన్నవారు బాల్కనీలో పెట్టుకొనవచ్చునా అని అడుగుచుందురు. పెట్టుకొనరాదు. వారికి బ్యాటరీలే శరణ్యము.

ఎంతటి జనరేటరు కావలెనను ప్రశ్నకు అంగడివాడు ఇచ్చు జవాబుకన్న కాగితము, కలము ఇచ్చు జవాబు మేలు. పాతరకపు ఫ్యానులు నాలుగు 300 వాట్లు, ఎల్‌ఈడీ దీపములు ఎనిమిది 72, రిఫ్రిజిరేటరు నడకలో 150, టెలివిజను 100, మా ఆక్సిజను యంత్రము 350. మొత్తము వేయి వాట్లకు కొంచెము లోపు. రిఫ్రిజిరేటరు మోటారు కదలునప్పుడు ఒక క్షణము దాని నడకకు కొన్ని రెట్లు లాగును గనుక రెండు కేవీఏ జనరేటరు దీనికి తగును. ఇందులో ఒక హార్సు పవరు బోరు మోటారును చేర్చినచో లెక్క మారిపోవును. అది నడకలోనే 1,100 వాట్లు, మొదలు పెట్టునప్పుడు అంతకు మూడు రెట్లో అంతకన్న ఎక్కువో అడుగును. అప్పుడు అయిదు కేవీఏకు పోవలసివచ్చును. తుపాను హెచ్చరిక వినగానే మిద్దెపై తొట్టి నింపుకొన్నచో ఆ మూడు కేవీఏల వెల మిగులును. గీజరును, ఎయిర్ కండిషనరును, కరెంటు పొయ్యిని ఈ లెక్కలోనికి రానీయకుడు.

మరీ పెద్దది కొనుటయు తెలివి కాదు. డీజిలు ఇంజను తన శక్తిలో మూడవవంతుకైనను లోపుగ చాలసేపు నడిచినచో నూనె పూర్తిగ కాలక పొగగొట్టములో జిగటగ పేరుకొనును. వేయి వాట్లకు పెట్రోలు యంత్రము గంటకు ముప్పాతిక లీటరుకు అటు ఇటు త్రాగును. దినమునకు ఎనిమిది గంటల వంతున మూడు దినములకు 18 లీటర్లు. అంత పెట్రోలు ఇంట నిలువచేయుట నిప్పును దాచుకొనుటయే గనుక రాత్రి ఏ గంటలలో నడుపవలెనో ముందుగనే నిర్ణయించుకొనుడు. కరెంటు లేనినాడు పెట్రోలు బంకులో పంపు కూడ నడువదు. అక్కడను ఒక జనరేటరు ఉండవలెను. ఇంజను ఆపి, చల్లారిన తరువాతనే ఇంధనము పోయవలెను. కొత్త యంత్రము కొనువారు 2023 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన కాలుష్య నియమములకు సరిపోవునదో కాదో పలకపై చూచి కొనవలెను. సున్నితమైన వైద్య యంత్రములకు ఇన్వర్టరు రకపు జనరేటరు మంచిది, దాని కరెంటు నిలకడగా ఉండును.

మిద్దెపై సౌరఫలకములు ఉన్నవారు తమకు ఈ బాధ లేదనుకొందురు. వీధి లైనుకు చేర్చిన మామూలు సౌర ఏర్పాటు, వీధిలో కరెంటు పోగానే తానును ఆగును. లైన్‌మన్ రక్షణకే అట్లు చేసిరి. అట్టి ఇంట జనరేటరు నడుచునప్పుడు సౌర ఇన్వర్టరును విడదీసి ఉంచవలెను; లేనిచో అది జనరేటరు కరెంటునే వీధి కరెంటని భ్రమించి దానిమీదికి తన శక్తిని నెట్టును.

ఇక నేల. మంగళగిరి దాటి గుంటూరు, ప్రత్తిపాడు వైపు పోయినకొలది నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు చేయి దూరునంత నెరియలు విచ్చును. దానిపై నేరుగ సిమెంటు దిమ్మె పోసినచో రెండేండ్లలో ఒరుగును. నల్లమన్ను త్రవ్వి తీసి, ఇసుకయో గ్రావెలో నింపి గట్టిపరచి, ఆపై దిమ్మె పోయవలెను. ఎర్తు గుంటకును ఈ చిక్కే. తడిగ ఉన్నంతకాలము రేగడి కరెంటును చక్కగ ఇంకించుకొనును. వేసవిలో నెరియలు పారి గొట్టమునుండి విడిపోవును. బొగ్గు, ఉప్పు వేసిన ఆ గుంటలో వేసవి అంతయు నీరు పోయుచుండవలెను. మా వీధిలో ఒక ఇల్లాలు బియ్యము కడిగిన నీటిని రోజూ అందులోనే పోయును. మాకు ఆ పద్ధతి నచ్చినది.

మేము ఆ నవంబరులో రెండు కేవీఏ యంత్రము కొని పెరటి గోడవద్ద నిలిపితిమి. నెలకొకసారి, మొదటి ఆదివారమున, అరగంటసేపు ఫ్యానులు, దీపములు దానిపై వేసి నడుపుదుము; నెలల తరబడి కదలని ఇంజను అవసరమునాడు మొరాయించును. ఛేంజోవరు స్విచ్చి ప్రక్కన పెద్ద అక్షరములతో ఒక కాగితము అతికించితిమి. మొదట పిడిని మధ్యకు తేవలెను. తరువాత ఇంజను నడుపవలెను. అది కుదురుకొన్నాక పిడిని జనరేటరు వైపు త్రిప్పవలెను. ముందు రిఫ్రిజిరేటరు, తరువాత తక్కినవి. ఆపునప్పుడు వరుస తలక్రిందు. పెద్దమ్మగారు కళ్లద్దములు పెట్టుకొని అది చదివి, "లైన్‌మన్ సంగతి కూడ వ్రాయండిరా" అనిరి. వ్రాసితిమి.